ఇల్లు ఎవరి పేరున ఉంది?

భీమడోలు నుంచి కొల్లేటి వైపు దిగే దారిలో ఒక పాత మండువా లోగిలి ఉంది. వీధి తలుపుకి రెండు తాళాలు. అన్నదమ్ములిద్దరివీ చెరొకటి. వాటాలు తెగలేదు, వ్యాజ్యం తెమల్లేదు. ఒకరు లేకుండా రెండోవారు తలుపు తియ్యకూడదని పై గడియకొకటి, కింద గొళ్లేనికొకటి తగిలించి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. పెంకు జారి ఒక పక్క దూలం తడుస్తోంది. పగలు ఆ ఇంటి అరుగుల మీద ధాన్యం బస్తాలు సర్దుకుంటారు, పిల్లలు గోలీలాడతారు, మేకలు పడుకుంటాయి. చీకటి పడితే మాత్రం పాలు పోసే కుర్రాడు అక్కడికి రాగానే సైకిలు రోడ్డు అవతలి పక్కకి తిప్పుతాడు. ఎందుకురా అంటే ‘ఏం లేదండి’ అంటాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో హత్య జరగలేదు, ఎవరూ ఉరేసుకోలేదు. జరిగిందల్లా పంపకాల దగ్గర మాటా మాటా పెరగడం, ఒక అక్కగారు కళ్లొత్తుకుంటూ బండెక్కి మళ్లీ ఆ గడప తొక్కకపోవడం. మరి దెయ్యం ఎక్కడి నుంచి వచ్చింది? మనుషులు చచ్చిన ఇళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. ఆమాటకొస్తే ఎవరూ చావని ఇల్లంటూ ఏముంది? వాటికి లేని భయం ఈ తగువులాట ఇంటికి ఎందుకు పట్టింది? ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఇదే నన్ను తొలుస్తూ ఉంటుంది.

తొలవడానికి కారణం ఉంది. మూసిన గది, ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని ఒక పేరు, అర్ధరాత్రి దాటాక వినిపించే గజ్జెల చప్పుడు, చివరి పేజీల్లో బయటపడే పెద్దల పాపం. ఇలాంటి నవలలు చదువుతూనే నేను పెరిగాను. మా పక్క ఆడవాళ్లకి నవల చదివే అలవాటు ఇవాళ్టిది కాదు. తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యికి పైగా నవలలు రాసి, రైల్లో వెళ్లేవాళ్ల చేతుల్లోనూ వంటింటి గూళ్లలోనూ పుస్తకం పెట్టి వెళ్లాడు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఆ తర్వాత వచ్చాడు. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు మా వీధిలో ఆ పత్రిక ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్లి, తిరిగొచ్చేసరికి అట్ట ఊడిపోయి ఉండేది. మా పెద్దమ్మ అలాంటి సీరియల్ కాయితాలు పిన్నులు విప్పి జాగ్రత్తగా తీసేది. వరసగా పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్టకి బియ్యప్పిండి జిగురు రాసి అంటించేది. దెయ్యం తలుపు తట్టే వాక్యం పక్కనే తలనూనె ప్రకటన ఉండేది. పేజీ తిప్పితే వెనక ఆవకాయ కొలతలు. కుట్టు లోపలికి పోయిన అక్షరాలని పెద్దమ్మ ఊహించి చదివేది. ఊహించి చదివినవి కొన్నిసార్లు అసలు వాటికంటే బాగుండేవి.

వేసవి రాత్రుళ్లు కరెంటు పోతే మండువాలో చాపలు పరిచి, లాంతరు పక్కన పెట్టుకుని, ఆవిడ పైకి చదువుతుంటే మేమంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడి వినేవాళ్లం. పిల్లలం మాకు భయమే కావాలి. ఎప్పుడొస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది, జుట్టు విరబోసుకుందా లేదా, ఇవే మా ప్రశ్నలు. పెద్దమ్మకి ఇవేవీ పట్టేవి కావు. ఆవిడ వేలు పేజీ మీద ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని, మా అమ్మ వైపు తిరిగి ఒకటే అడిగేది: ‘పాపం, దాన్ని ఏం చేసుంటారే?’ అది, అంటే దెయ్యం. అప్పటికి కథలో దెయ్యం చచ్చిన మనిషని కూడా తేలి ఉండేది కాదు. అయినా ఆవిడకి తెలిసిపోయేది. ఆ ఇంట్లో ఏదో ఒక ఆడదానికి అన్యాయం జరిగింది, అది ఏమిటో తెలిసేదాకా నిద్ర పట్టదు, అంతే. నాకు ఆ మాట అప్పుడు వింతగా తోచింది. భయపడాల్సిన దాని మీద జాలేమిటి? ఇప్పుడు ఆలోచిస్తుంటే, ఈ జాతి నవలల మీద నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికంటే ఆ ప్రశ్నే ముందుకు వెళ్లిందనిపిస్తోంది. భయం కోసం చదివేవాళ్లు వేరు. ఏం జరిగిందో తెలుసుకుందామని భయాన్ని ఓర్చుకునేవాళ్లు వేరు. మా ఇంటి ఆడవాళ్లంతా రెండో రకం.

మా పల్లపు ఊళ్లలో దెయ్యాలకేం కొదవ లేదు. చేలగట్ల మీద కొరివిదెయ్యాలు, కాలువ లాకుల దగ్గర పిలిచే గొంతులు, చింతచెట్టు మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చునేవి. ఎవరూ వాటి చరిత్ర అడగరు. ఎవరి కూతురు, ఎందుకు చచ్చింది అని కొరివిదెయ్యాన్ని నిలదీసినవాళ్లు లేరు. జేబులో ఇనప ముక్క పెట్టుకుని, ఆంజనేయ దండకం చదువుకుంటూ దాటిపోవడమే. ఇంట్లో దెయ్యం అలా కాదు. దానికి ఇంటిపేరుంటుంది, వావి ఉంటుంది. అది ఎవరికో వదిన, ఎవరికో చిన్నత్త. దాన్ని తరిమేస్తే ఇంటి మనిషిని తరిమినట్టు ఉంటుంది, ఉంచుకుంటే ఉండనివ్వదు. అందుకే ఈ కథలకి ఇల్లు కావాలి. అందులోనూ మండువా లోగిలి కావాలి.

ఆ ఇళ్లు కట్టిన తీరే అలాంటిది. నడిమధ్య ఆకాశం, నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకులు, వాన కురిస్తే నాలుగు మూలల నుంచి ఇంటి గుండెల్లోకే దూకే నీళ్లు. పైకి చూస్తే దాపరికం లేని ఇల్లు. వీధి గుమ్మంలో నుంచుంటే పెరట్లో నూతి గిలక దాకా కనిపిస్తుంది. కానీ ఆ వెలుతురు చుట్టూ ఉండేవన్నీ చీకటి గదులే. కొట్టుగది, గాదె గది, పురిటి గది. పురిటి గదికి కిటికీ ఉండేది కాదు, ఉన్నా గాలి తగలకూడదని గోనెపట్టా కప్పేవాళ్లు. పుట్టుకలూ అక్కడే, పురిట్లో పోయిన ప్రాణాలూ అక్కడే. మగవాళ్లు సావిట్లో పడుకుంటారు, పంచాయితీలు అరుగుల మీద చేస్తారు. ఆడవాళ్ల బతుకంతా ఆ వెనక గదుల్లో నడుస్తుంది. తల చెడిన పడుచుపిల్లకి వంటింటి పక్కన ఒక మూల. బుద్ధి స్థిమితం లేదన్న కోడలికి వెనక వసారా, గడియ బయట. ఇల్లు ఎంత పెద్దదైనా అందులో తనది అని చెప్పుకోవడానికి ఆడమనిషికి ఉన్నది ఒక ట్రంకుపెట్టె. దాని తాళంచెవి మాత్రం మొలలో ఉండేది.

ఈ నవలలు మా పెద్దమ్మలాంటి వాళ్లకి ఇచ్చిన తృప్తి అక్కడ ఉందేమో అనుకుంటాను. బతికి ఉండగా ఆ ఇంట్లో ఒక్క గదీ ఆమెది కాదు. చచ్చాక ఇల్లంతా ఆమెదే. ఏ గుమ్మం తియ్యాలో, ఏ దీపం ఆరాలో, ఎవరు నిద్రపోవాలో ఎవరు పోకూడదో ఆమె ఇష్టం. అరుగు మీద తీర్పులు చెప్పే మామగారు ఆమె అడుగుల చప్పుడు వింటూ తెల్లవార్లూ మంచం కోడు పట్టుకుని కూర్చుంటాడు. ఇంతకంటే పెద్ద పట్టాభిషేకం పాత కథల్లో ఏ కోడలికి జరిగింది? అయితే దానికోసం చావాలా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతున్నాను. నా దగ్గర జవాబు లేదు.

నవల్లో ఇలా జరుగుతుంది, సరే. నిజం ఇళ్లలో ఏం జరిగింది? ఇది నాకు ఇంకా బరువైన ప్రశ్న. మా వైపు చాలా కుటుంబాల్లో పెద్ద పండక్కి పెద్దలకి బట్టలు పెడతారు. అందులో ఒక చీర వేరేగా ఉంటుంది, పేరంటాలిది. కొత్త చేటలో ఆ చీర మడత, రవికెల గుడ్డ, గాజులు, పసుపు కొమ్ములు, కుంకుమ భరిణె పెట్టి గోడకి చేరవేస్తారు. గోడ మీద పసుపు రాసిన చోట మూడు బొట్లు. ఎవరమ్మా ఆవిడ అని అడిగితే ‘మన ఇంటి పేరంటాలు’ అంటారు. పేరు? ‘పేరంటాలమ్మ.’ ఎలా పోయింది? ‘పుణ్యస్త్రీగా పోయింది, దణ్ణం పెట్టుకో.’ ఆ తర్వాత ఆ చీర ఇంటి ఆడపడుచు కట్టుకుంటుంది. ఎన్నో ఇళ్లలో ఈ ప్రశ్నలకి ఇవే జవాబులు, దాదాపు ఇవే మాటల్లో విన్నాను. దణ్ణం పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, ఇప్పటికీ పెడతాను. కానీ ఎలా పోయిందో చెప్పకుండా మొక్కించే ఆ తొందర ఏమిటి? నూతిలో పడిందా, నిప్పంటుకుందా, పురిట్లో పట్టించుకోలేదా? పసుపు రాసిన ఆ గోడ వెనక ఏం దాచారు?

దాచనివాళ్లు కూడా ఉన్నారని చెప్పకపోతే అన్యాయం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథలో అత్తగారు పెట్టిన ఆరళ్లు దాచలేదు. గోపయ్యని పులి చంపింది, తిరుపతమ్మ అగ్నిలో దూకింది, దానికి ముందు ఆ ఇంట్లో ఆమె ఎన్ని పడిందో కథ చెప్పేవాళ్లు విడమరిచి చెబుతారు, వినేవాళ్లు ఏడుస్తారు. మునేరు ఒడ్డున తిరునాళ్లకి అంత జనం వచ్చేది ఆమె మహిమ కోసమే కాదు, ఆ ఏడుపు కోసం కూడా అని నా నమ్మకం. పెద్ద గుడి ఉన్న పేరంటాలికి కథ మిగిలింది. ఇంటి గోడ మీది పేరంటాలికి బొట్లే మిగిలాయి. ఆ మిగలని కథని మా పెద్దమ్మ పురికొసతో కుట్టిన కాయితాల్లో వెతుక్కుందా? మనిళ్లలో అన్యాయమైపోయిన ఆడదాన్ని దెయ్యం కానివ్వలేదు, ముందే దేవతని చేసి నోరు మూయించాం. నవల ఆ పసుపు గీకి, ఆమెని మళ్లీ దెయ్యంగా లేపి, మాట్లాడమంది. ఈ కథల మీద నా మోజుకి మూలం ఇదేనని రానురాను నాకు నమ్మకం గట్టిపడుతోంది.

మాట్లాడితే ఏం చెబుతుంది? చిత్రంగా, నూటికి తొంభై కథల్లో ఆస్తి గురించే చెబుతుంది. ఈ రకం నవలకి మొదటిదని చెప్పుకునే హొరేస్ వాల్పోల్ ‘కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764లో వచ్చింది. అందులో దెయ్యపు చేష్టలన్నిటి వెనకా ఉన్నది ఒకటే: ఆ కోట అసలు వాళ్లది కాదు, తాత విషం పెట్టి కాజేశాడు. విల్కీ కాలిన్స్ ‘ద వుమన్ ఇన్ వైట్’ 1859లో సీరియల్‌గా మొదలైంది. భార్య డబ్బు కోసం, ఆమెలాగే ఉండే ఇంకో అమ్మాయి చావుని ఆమె చావుగా చూపించి, బతికున్న మనిషిని పిచ్చాసుపత్రిలో పెట్టించేస్తాడు భర్త. మన దగ్గర 1966లో ‘ఆమె ఎవరు?’ అని జగ్గయ్య, జయలలితల సినిమా వచ్చింది, హిందీ ‘వో కౌన్ థీ’కి తెలుగు. తెల్లచీర, వాన, శ్మశానం, పాట, అన్నీ ఉంటాయి. చివరికి తేలేది ఆ దెయ్యం అబద్ధం, వారసత్వం నిజం. ‘తులసిదళం’లో కాష్మోరా అనే క్షుద్రశక్తి వెనక ఉన్నది కూడా ఒక పసిపిల్ల పేర రాసిన డబ్బే.

ఇదంతా కల్పన అనుకోవడానికీ లేదు. పిఠాపురం సంస్థానంలో దత్తపుత్రుడికీ, ఆ తర్వాత 1885లో పుట్టిన వారసుడికీ మధ్య నడిచిన తగాదా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో తేలింది, విల్లు నెగ్గింది. జమీందారీ వ్యాజ్యాల్లో న్యాయవాదులు ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది. నూజివీడు పంపకాలూ ప్రివీ కౌన్సిల్ చూసినవే. ఆ తీర్పుల్లో దత్తతలు, విల్లులు, పంపకాలు, మనోవర్తులు అన్నీ ఉంటాయి. గజ్జెల చప్పుడొక్కటే ఉండదు. ఇక జమీందారీలు లేని మామూలు ఇళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకి ఆ సవరణ వర్తించలేదు. దేశం మొత్తానికి అలాంటి చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చాక మాత్రం? అన్నదమ్ములు కాయితం ముందు పెట్టి ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే, పండక్కి పుట్టింటి పిలుపు పోతుందన్న భయంతో పెట్టేసి, ఇచ్చిన చీర తీసుకుని బస్సెక్కిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎవరూ ఎవరినీ చంపలేదు. అయినా ఆ సంతకం పెట్టిన రాత్రి నుంచీ ఆ ఇంట్లో ఏదో తిరుగుతున్నట్టే ఉంటుంది, చూస్తే అన్నదమ్ములకే నిద్ర ఉండదు. పాలకుర్రాడు సైకిలు పక్కకి తిప్పడం నాకు కొంత అర్థమైంది ఇక్కడే. ఊరికి అన్యాయం ఎక్కడ జరిగిందో తెలుసు. చెప్పడానికి నోరు రాక దెయ్యమంది.

ఇంకొకటి గమనించాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మలయాళంలో 1993లో వచ్చిన ‘మణిచిత్రతాళు’లో ఆ బంగళాని పట్టుకున్న నర్తకి నాగవల్లి తమిళ మనిషి, తంజావూరు నుంచి తెచ్చారు. అదే కథ కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా 2004లో, తమిళంలో ‘చంద్రముఖి’గా 2005లో వచ్చేసరికి ఆమె తెలుగు పాట పాడుతుంది. మలయాళీ ఇంట్లో దెయ్యం తమిళం మాట్లాడింది, తమిళుల ఇంట్లో దెయ్యం తెలుగు పాడింది. ‘జేన్ ఐర్’ (1847)లో అటక మీద దాచిన మొదటి భార్య ఎక్కడో జమైకా నుంచి వచ్చింది. ఎప్పుడూ బయటి నుంచి తెచ్చిన ఆడదే. యాస వేరు, తిండి వేరు, వెనక చెప్పుకునే దిక్కు లేదు, కేక వేస్తే వినే పుట్టిల్లు దగ్గర్లో లేదు. ఆ మాటకొస్తే మన ఇళ్లలో ప్రతి కోడలూ అలాగే వచ్చింది. మెట్ట ఊళ్ల నుంచి పల్లానికి వచ్చిన కోడలి యాస విని ఏడాదంతా నవ్వే ఇళ్లు నేనెరుగుదును. జొన్నన్నం తిన్న పిల్ల అని ఒకరు, ఉప్పునీళ్ల పిల్ల అని ఒకరు. రెండు ఊళ్ల మధ్య దూరం గట్టిగా గంట ప్రయాణం ఉండదు. అంత దూరానికే ఆమె పరాయిదైపోతే, ఈ కథల్లో గుమ్మం అవతల నుంచి వినిపించే ఆ తెలియని భాష చదివే ఆడవాళ్లకి తెలియనిదేమీ కాదు.

ఇక్కడి దాకా వచ్చాక నాకు అనుమానం మొదలవుతుంది. ఈ కథలు ఆమెకి నిజంగా న్యాయం చేస్తున్నాయా? మూడొంతులు మాట్లాడనిచ్చి, ఆఖరి వంతులో ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, సీసాలో పెట్టి బిగించడం ఏం న్యాయం? చంద్రముఖి పగ తీరిందని నమ్మించడానికి ఒక బొమ్మని తగలబెడతారు, ఇల్లు మళ్లీ ఇంటివాళ్లదవుతుంది. ఒకసారి పసుపుతో, ఇంకోసారి విబూదితో, రెండుసార్లు నోరు మూసినట్టు కాదా? దీనికంటే కఠినమైన ప్రశ్న రచయిత్రి రంగనాయకమ్మగారు ఎప్పుడో వేశారు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఆమె రాసినప్పుడు ఆ కోపం వెనక ఉన్నది సాహిత్య చర్చ ఒక్కటే కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్న రాష్ట్రాల్లో, క్షుద్రశక్తి నిజమేనేమో అనిపించేలా రాయడం చిన్న విషయం కాదు. ఆ అనుమానం పడేది కూడా తరచుగా ఒంటరి ముసలమ్మల మీద, దిక్కులేని వాళ్ల మీద. అంటే నవల్లో మనం జాలిపడే మనిషే బయట దెబ్బలు తింటోంది. దీన్ని నేను తోసిపుచ్చలేను. మంత్రగాడి శక్తి మీద నిలబడే కథకీ, ఇంటి పాపం మీద నిలబడే కథకీ మధ్య గీత గీసుకుని రెండోదాని పక్కన నిలబడ్డాను, అంతే. మొదటిది బయట శత్రువుని చూపిస్తుంది. రెండోది వేలు మనింట్లోకే పెడుతుంది.

ఆ రెండో దారిలో దెయ్యం లేకుండానే దెయ్యాల కొంప రాసినవాడు వంశీ. ఆయన నవల ‘మహల్లో కోకిల’ 1984లో ‘సితార’ సినిమా అయింది. వెన్నెల, గోదారి, ఇళయరాజా సంగీతం, ఎస్. జానకి గొంతు, వీటి గురించి అందరూ చెబుతారు. నాకు గుర్తుండేది ఆ మహలే. వ్యాజ్యాల్లో ఆస్తి కరిగిపోతున్నా పరువు కరగకూడదని చెల్లెల్ని గడప దాటనివ్వని అన్న, కిటికీల్లోంచి ప్రపంచాన్ని చూసే పిల్ల. అంత పెద్ద ఇంట్లో బతికుండగానే దెయ్యంలా తిరుగుతుంది ఆమె. ఆ పిల్ల బయటపడి సినిమా తార అవుతుంది, అయినా గతం వెంటాడుతూనే ఉంటుంది. ఎవరూ ముగ్గు వెయ్యలేదు, మంత్రం చదవలేదు. ఆ నవల చదివిన తర్వాత నాకు మా వైపు పాత మేడలన్నీ వేరేగా కనిపించాయి. పై అంతస్తు కిటికీ మూసి ఉంటే, దాని వెనక ఎవరున్నారని కాక, ఎవర్ని ఉంచారని అడగడం అప్పుడే అలవాటైంది.

ఇప్పుడు ఆ ఇళ్లు పోతున్నాయి. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు విప్పి అమ్మేస్తున్నారు, అవి ఎక్కడో హోటళ్లలో తేలుతున్నాయి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఉదయం రైల్లో కాలేజీకి వెళ్లే అమ్మాయిలు ఫోన్లో ప్రతిలిపి తెరిచి హారర్ సీరియళ్లు చదువుతుంటారు. ఒకసారి పక్క సీట్లో అమ్మాయి చదువుతున్నదాన్ని అడిగి చూశాను. అదే మండువా, అదే గాదె గది, అదే గిలక చప్పుడు. ‘ఇలాంటి ఇంట్లో ఎప్పుడైనా ఉన్నావా అమ్మా?’ అంటే లేదాంటీ అంది. మరి ఎందుకు బాగుంది? కాసేపు ఆలోచించి, ‘అందులో అన్నీ బయటికొచ్చేస్తాయి ఆంటీ’ అంది. గుండుగొలను దాటుతుండగా ఫోను మూసి సంచీలో పెట్టుకుంది. రెండు పడగ్గదుల ఫ్లాట్లో గాదె గది ఉండదు, మూసెయ్యడానికి అటక ఉండదు. అయినా బయటికి రానివేవో ఆ పిల్లకీ ఉన్నాయి కాబోలు. నేను అడగలేదు, అడగకూడదు కూడా. షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో ఎలినార్ అనే ఒంటరి స్త్రీ ఉంటుంది. ఏళ్ల తరబడి మంచాన పడ్డ తల్లికి సేవ చేసి, తల్లి పోయాక అక్క ఇంట్లో ఒక మంచం మీద బతుకుతుంది. ఆ దెయ్యాల కొంప ఆమెని భయపెట్టినా ఆమె వదిలి వెళ్లలేదు. నువ్వు కావాలి అన్న మొదటి ఇల్లు అదే మరి. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు ఎక్కడో అమెరికా గుర్తు రాలేదు. పెళ్లి కాక అన్నదమ్ముల ఇళ్లలో వంతులవారీగా ఉండే మనిషి, ఊరి నుంచి ఊరికి ట్రంకుపెట్టె మోసుకుపోయే మనిషి, మా చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు.

మా కొల్లేటికి కూడా ఒక చీకటి కథ ఉంది. అది ఇంటిది కాదు, కోటది. కొల్లేటికోట లంక మీద గజపతుల కాలంలో కోట ఉండేదట. చుట్టూ నీళ్లు ఉండగా ముట్టడించడం కుదరక, శత్రువులు సరస్సు నీళ్లు సముద్రంలోకి దించడానికి ఉప్పుటేరు తవ్వించారట. ఆ పని నెగ్గడానికి ఒక సేనాని తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడని, అందుకే ఆ పాయని పేరంటాల కనుమ అన్నారని చెబుతారు. ఇప్పటికీ బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్లు కొల్లేట్లో నిండి ఉప్పుటేరు మీదుగానే సముద్రానికి వెళతాయి. ఈ కథని నేను చాలామంది నోట విన్నాను, రాతలోనూ చూశాను. ఎక్కడా ఆ పిల్ల పేరు లేదు. వయసు లేదు. కోట ఎవరిది, నీళ్లు ఎటు పోయాయి, యుద్ధం ఎవరు గెలిచారు, అన్నీ చెప్పే కథ ఆ పిల్ల నోట ఒక్క మాట పలికించదు. పేరంటాలని చెయ్యగానే పని అయిపోయింది.

‘జేన్ ఐర్’లో అటక మీద అరుపులకే పరిమితమైన ఆ మొదటి భార్యకి మాట రావడానికి నూట పందొమ్మిదేళ్లు పట్టింది. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాసి ఆమెకి ఇంకో పేరు, ఒక బాల్యం, ఒక ఊరు ఇచ్చింది. రీస్ కూడా ఆ కరీబియన్ దీవుల్లోనే పుట్టిన మనిషి. పేరంటాల కనుమ పిల్ల నవల కూడా ఈ నీళ్ల దగ్గర పుట్టినవాళ్లే రాయాలని నా ఆశ. గూడబాతులు ఎప్పుడు వస్తాయో, నీరు తీసినప్పుడు లంక చుట్టూ బురద ఏ వాసన వేస్తుందో తెలిసినవాళ్లు. నిమ్మకాయలొద్దు, మంత్రగాడొద్దు. ఆ రోజు పొద్దున ఆ పిల్లకి తల ఎవరు దువ్వారో రాస్తే చాలు. చెప్పి తీసుకెళ్లారా, పేరంటానికని చెప్పి తీసుకెళ్లారా? తండ్రి రాత్రంతా ఎవరితో మాట్లాడాడు? అన్నిటికంటే ముందు నాకు ఇంకొకటి కావాలి. ఈ కథలో తండ్రి ఉన్నాడు, శత్రువులున్నారు, దేవతలున్నారు. ఆ పిల్లని కన్న తల్లి ఆ పూట ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. నవల ఆమె దగ్గర మొదలవ్వాలి.